మోసు మూతి, కాల్బాసు మీసం

హౌరా స్టేషన్ పక్కనే ఉన్న హోల్‌సేల్ చేపల మార్కెట్టుకు తెల్లవారకముందే చేరాలి. ఎండెక్కాక వెళితే తడి నేల, ఖాళీ ట్రేలు తప్ప ఏమీ మిగలవు. గార్డెన్ రీచ్‌లో ఉండే మా బాబాయి ఆ సంగతి ముందే హెచ్చరించాడు. రైల్వే ఉద్యోగానికని వచ్చి, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయిన మనిషాయన. "మన చేప ఇక్కడ ఎలా దిగుతుందో చూడకపోతే నువ్వు కలకత్తా చూసినట్టు కాదమ్మాయ్" అని చీకటితోనే నన్ను లేపి బయల్దేరదీశాడు.

మార్కెట్టు బయట ఆంధ్రా నంబర్ల లారీలు బారుగా ఆగి ఉన్నాయి. కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు నుంచి వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి వచ్చినవి. ట్రేలమీద ట్రేలు, మధ్యలో నలగ్గొట్టిన ఐసు. నెత్తిమీద తడి గోనె వేసుకుని కూలీలు ఆ ట్రేలను మోసుకుపోతుంటే దారి ఇవ్వని వాడిదే తప్పు. వాటిలో ఉన్నవన్నీ శీలావతులే, అక్కడక్కడా బొచ్చెలు. శీలావతిని ఇక్కడ రుయి అంటారు, మన దగ్గర్నుంచి వచ్చిన దానికి 'ఆంధ్రా రుయి' అని విడిగా పేరు.

మాది కైకలూరు దగ్గర పల్లెటూరు. చెరువు గట్ల మీదే పెరిగాను. అందుకేనేమో, పక్క అంగడికి వెళ్లగానే నాకు తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. బెంగాల్ జిల్లాల నుంచీ, ఊరికి తూర్పున ఉన్న భేడీలనే చేపల చెరువుల నుంచీ వచ్చిన గంపల్లో రుయి, కత్లా ఉన్నాయి. వాటితోపాటు మృగేల్ ఉంది, అంటే మన మోసు. నల్లటి కాల్బాసు ఉంది. బెత్తెడు పొడవు బాటా ఉంది, టేంగ్రా అనే జెల్లలు ఉన్నాయి, పాములా మెలికలు తిరిగే పాంకాల్ ఉంది. మృగేల్ మొదలుకుని ఇవన్నీ చెరువు అడుగున బతికే చేపలు. మన ట్రేలలో అడుగు చేప అన్నదే లేదు. కోల్‌కతాలో ఉన్నన్నాళ్లూ నేను తిరిగిన తిరుగుడంతా ఆ లోటు చుట్టూనే.

ఉత్తర కోల్‌కతాలోని మానిక్‌తలా బజారులో చేపలమ్మేవాళ్లు ఎత్తు అరుగుల మీద కూర్చుంటారు. ఎదురుగా నిలువెత్తు ఇనప కత్తిపీట. కత్తి కదలదు, చేపనే రెండు చేతులతో పట్టి దాని వాదరకు అదుముతారు. కొనేవాళ్లు మొప్ప ఎత్తి చూస్తారు, పొట్ట నొక్కి చూస్తారు, ఏ చెరువుదని అడుగుతారు. "దాదా, రుయి, మృగేల్, కాల్బాసు మూడూ పక్కపక్కన పెట్టి చూపిస్తారా?" అని బాబాయి చేత బెంగాలీలో అడిగించాను. ఆయన ఎందుకని కూడా అడగలేదు. తడి అరటాకు మీద మూడింటినీ వరసగా పరిచాడు.

మూడూ దగ్గర చుట్టాలే. ఒకే కుటుంబం, ఒకే శాఖ. రెండు వందల ఏళ్ల కిందట వీటికి తొలిసారి శాస్త్రీయ వర్ణన రాసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ మూడింటినీ ఒకే ప్రజాతిలో చేర్చాడు. చుట్టరికం అంత దగ్గరైనా నోళ్లు మాత్రం మూడూ మూడు తీర్లు.

శీలావతి నోరు ముక్కు చివర నుంచి కాస్త కిందికి వంగి ఉంటుంది. పెదవులు మందంగా ఉండి, అంచుల్లో సన్నటి కుచ్చులు వేలాడుతుంటాయి. నీళ్లలో మునిగిన తూడు కాడల మీద, రాళ్ల మీద పట్టిన నాచును గీకి తినడానికి ఆ పెదవి తగినట్టుగా ఉంటుంది. దీన్ని మధ్య నీటి చేప అంటారు గానీ, అవసరమైతే అడుగుకీ దిగుతుంది.

మోసు ఒళ్లు సన్నగా, పొడుగ్గా, వెండిలా మెరుస్తుంది. మూతి మొద్దుగా ఉంటుంది. నోరు వెడల్పుగా, అడ్డంగా, కిందివైపు తెరుచుకుంటుంది. పెదవులు పల్చన, కింది పెదవి ఉందో లేదో తెలియదు. కుచ్చుల్లేవు. గీకడానికి ఈ నోరు పనికిరాదు. బురద పైపొరను, అందులో కుళ్లిన ఆకును, రాలిపడిన నాచును పలచగా ఎత్తుకుని మింగడానికే ఇది. మోసు పొట్ట కోసి చూసిన వాళ్లెవరికైనా అందులో ఇసుక రేణువులు చేతికి తగులుతాయి.

కాల్బాసును చూస్తే ఈ రెండింటినీ కలిపి ఇంకో అడుగు కిందికి దించినట్టుంటుంది. నల్లటి పొలుసులు, పొట్టకన్నా ఎక్కువగా ఒంపు తిరిగిన వీపు, పూర్తిగా తలకింద దాగిన నోరు. పెదవులకు తువ్వాలు అంచులాంటి కుచ్చులు. వాటికి తోడు రెండు జతల మీసాలు. శీలావతికీ మోసుకూ ఉన్నవి పైకి కనపడీ కనపడని పొట్టి మీసాలు, దీనివి మాత్రం పైకే తెలుస్తాయి. చేప మీసంలో రుచి తెలిసే కణాలుంటాయి. వెలుతురు చేరని అడుగున, బురద కలిసిన నీళ్లలో కంటితో వెతికే పని లేకుండా, మీసం తాకించి రుచి చూసి, తినదగ్గదైతే పెదవితో గీకుతుంది. అలా నాచు, డయాటములు, కుళ్లిన మొక్కల ముక్కలు దాని తిండి.

నేను వంగి మీసాలు లెక్కపెడుతుంటే ఆ చేపలాయన కాల్బాసు తల పట్టుకుని బొటనవేలితో దాని పెదవిని బయటికి లాగి చూపించాడు. పెదవి మడత విప్పుకుని చిన్న గొట్టంలా ముందుకు సాగింది, వదిలితే లోపలికి ముడుచుకుంది. "ఇది ఎర మింగదు, చప్పరిస్తుంది. గాలంతో దీన్ని పట్టాలంటే ఓపిక కావాలి" అన్నాడు.

తర్వాత ఆయన రుయి తల చీల్చాడు. బెంగాలీలకు చేప తల ప్రాణం, దాన్ని పప్పులోనూ అన్నంలోనూ వేసి వండుతారు. దవడల్లో ఒక్క పన్ను లేదు. ఈ కుటుంబపు చేపలన్నిటికీ అంతే, పళ్లు గొంతులో ఉంటాయి. మొప్పల వెనక వంకర ఎముక మీద వరసలుగా పేర్చినట్టున్న పళ్లను కత్తి మొనతో చూపించాడు. పైన కపాలం అడుగున గట్టి మెత్త ఒకటి ఉంటుంది, పళ్లు దాని మీద ఒరుసుకుని తిండిని నూరుతాయి. నోటి పని తిండి సంపాదించడం వరకే, నమలడమంతా గొంతులోనే.

పొట్టలోంచి పేగు లాగుతుంటే అది తెగకుండా వస్తూనే ఉంది. చుట్టలు చుట్టలుగా, చేప పొడవుకు ఎన్నో రెట్లు. జీర్ణాశయమనే సంచి ఈ చేపలకు లేదు, గొంతు నుంచి నేరుగా పేగే. ఆకు, నాచు, కుళ్లు అరగాలంటే తిండి అంత దూరం ప్రయాణించాలి. పక్కనే ఒకావిడ కోసం వాలుగను కోస్తున్నారు. అదీ మీసాల చేపే, అదీ నీటి అడుగునే ఉంటుంది. కానీ దాని నోరు కంటి వెనక దాకా చీలి ఉంటుంది, దవడల నిండా సన్నటి పళ్లు. పొట్టలో కండబలం ఉన్న సంచి, దాని వెనక పొట్టి పేగు. సంచి కోస్తే లోపల సగం అరిగిన పరిగె పిల్ల ఉంది. అడుగున ఉన్నంత మాత్రాన తిండి ఒకటి కాదని చెప్పడానికి ఆ అరుగు మీద ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఇక్కడివాళ్లు రుయి కొవ్వు, పేగు కూడా పారేయరు. కడిగి, వంకాయతోనో ఆకుకూరతోనో కలిపి ఆవనూనెలో వేయిస్తారు. బాబాయి ఒక పొట్లం కట్టించుకున్నాడు.

చౌరంగీ మీది ఇండియన్ మ్యూజియంకు నేను వెళ్లింది బుద్ధుడి శిల్పాల కోసం కాదు, చేపల శాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా పనిచేసిన చోటు చూడాలని. 1814లో ఏషియాటిక్ సొసైటీలో మొదలైన మ్యూజియం ఇది. 1916లో ఇక్కడే జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా పుట్టింది. దాని తొలి డైరెక్టరు నెల్సన్ అన్నండేల్. పంజాబ్‌లోని హఫీజాబాద్‌లో 1896లో పుట్టిన హోరా 1919లో సర్వేలో చేరాడు. తర్వాత దానికే డైరెక్టరై, 1955లో చనిపోయేదాకా ఆ పదవిలో ఉన్నాడు. మణిపూర్‌లోనూ ఖాసీ కొండల్లోనూ వాగులవెంట తిరిగి, మనిషి నిలబడలేని వడిలో చేప ఎలా నిలబడుతోందని చూసినవాడు. 1930లో రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయిన ఆయన వ్యాసం కొండవాగుల జీవులు రాయిని పట్టుకుని నిలిచే అవయవాల గురించి.

ఆ వాగుల్లో గారా అనే చేప ఉంటుంది. అది శీలావతికి, మోసుకు, కాల్బాసుకు దగ్గర బంధువే. దాని గడ్డం కింద గుండ్రటి బిళ్ల ఉంటుంది. ఆ బిళ్లతో రాతికి అంటుకుపోతుంది. పొట్ట బల్లపరుపు, రెక్కలు పక్కలకు పరుచుకుంటాయి. అలా అంటుకున్న చేప ఏం తినగలదు? నీళ్లలో కొట్టుకుపోయేదాన్ని పట్టుకోవడానికి రాయి వదలలేదు. కింద బురద నిలవదు కాబట్టి ఎత్తుకుని మింగేదీ లేదు. రాతిమీద పట్టిన నాచు పొర ఒక్కటే దిక్కు, దాన్నే గీక్కు తింటుంది. శరీరం వడికి తగ్గట్టు మారింది, ఆ మారిన శరీరం తిండిని నిర్ణయించింది. మైదానంలో ఉండే చుట్టాలకు బురద దొరికింది, వాటి నోళ్లు బురద వైపు తిరిగాయి. చేపను చూడాలంటే నీటిని చూడాలన్నది హోరా నేర్పిన పాఠం. గాజు సీసాల్లో రంగు వెలిసిపోయిన చేపలను చూస్తూ ఆయన వాటిని ఎప్పుడూ వాగులోనే ఊహించుకుని ఉంటాడనిపించింది.

హోరా గురించి ఇంకొక సంగతి చెప్పకుండా ఉండలేను. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దంలో రాయించిన మానసోల్లాసంలో మత్స్యవినోదం అనే భాగం ఉంది. చేపల రకాలు, అవి ఎక్కడ తిరుగుతాయి, ఏ చేపకు ఏ తిండి ఎరగా పెట్టాలి అన్నది అందులోని విషయం. 1951లో హోరా దాన్ని వెలికితీసి, అందులోని చేపలను నేటి చేపలతో పోల్చి వ్యాసం రాశాడు. ఎర కట్టేవాడికి చేప నోరు తెలియాలి. మన తెలంగాణ ప్రాంతాన్ని కూడా ఏలిన ఆ వంశపు రాజు కొలువులో ఆ తెలివిని గ్రంథానికి ఎక్కించదగ్గదిగా చూశారంటే నాకు గర్వంగా ఉంది.

హామిల్టన్ కథ మరోలాంటిది. ఆయన గంగానది చేపల మీద రాసిన పుస్తకం 1822లో ఎడిన్‌బరోలో అచ్చయింది. 260కి పైగా చేపల వర్ణనలున్నాయి అందులో. రోహిత, మృగాల, కాల్బాసు, బాటా, కత్లా, అన్నీ జాలరుల నోట విన్న పేర్లనే శాస్త్రీయ నామాల్లో పెట్టాడు. కానీ ఆయన గీయించిన బొమ్మలను గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ఇంగ్లండుకు పట్టుకెళ్లనివ్వలేదు, అవి కలకత్తాలోనే ఉండిపోయాయి. దానికి ముందే, 1803లో, పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నం చేపలు రెండు వందలకు బొమ్మలు వేయించి, మన జాలరులు పిలిచే పేర్లతో సహా పుస్తకం తెచ్చాడు. గంగ ఒడ్డునైనా విశాఖ తీరంలోనైనా ఈ విద్యకు మొదటి గురువులు వల వేసినవాళ్లే.

బైపాస్ రోడ్డు దాటి బంతలా వైపు వెళితే కోల్‌కతా ఒక్కసారిగా ఆగిపోయి నీళ్లు మొదలవుతాయి. ఊరి మురుగు కాలువల్లో ఇటే వస్తుంది. వచ్చిన మురుగును చేపల చెరువుల్లోకి మళ్లిస్తారు. వీటినే భేడీలంటారు. విద్యాధరి నది పూడిపోయాక, ఉప్పునీటి చెరువులు పనికిరాకుండా పోతే, గత శతాబ్దపు తొలి దశాబ్దాల్లో జాలరులు మురుగునీటితో చేప పెంచడం నేర్చారు. మొత్తం తడినేలలు సుమారు 12,500 హెక్టార్లు. వీటి విలువను లోకానికి చెప్పడానికి జీవితమంతా పోరాడిన ఇంజనీరు ధ్రువజ్యోతి ఘోష్ 2018లో కన్నుమూశారు. 2002 ఆగస్టు 19న ఈ తడినేలలు అంతర్జాతీయ ప్రాధాన్యమున్న తడినేలల రామ్‌సార్ జాబితాకెక్కాయి. మన కొల్లేరు ఆ జాబితాకెక్కింది కూడా సరిగ్గా అదే రోజు.

భేడీ గట్టు మీద వెదురు పాక. లోపల వలలు, సున్నం బస్తాలు. చెరువు అంచునంతా గుర్రపుడెక్కను కంచెలా పెంచారు, అలల తాకిడికి గట్టు కోసుకుపోకుండా. పనిచేసే పెద్దాయన ఒకరు మమ్మల్ని నాటు పడవ ఎక్కించారు. ముందు చెరువు ఎండగట్టి, సున్నం చల్లి, మురుగు పెట్టి కొన్ని వారాలు ఎండకు వదిలేస్తారట. లోతు తక్కువ కాబట్టి ఎండ అడుగుదాకా దిగుతుంది, నాచు పుడుతుంది, నీళ్లు పచ్చబడతాయి. ఆ పచ్చదనం చూశాకే పిల్లల్ని వదులుతారు. పై నీళ్లలో కంటికి కనపడని పురుగులను పైకి తెరుచుకున్న పెద్ద నోటితో బొచ్చె వడపోసుకుంటుంది. దాని మొప్పల్లోని సన్నటి ముళ్లవరసే ఆ జల్లెడ. మధ్యలో రుయి. చచ్చి కిందికి రాలిన నాచు, అడుగున పేరుకున్న మెత్తటి మట్టి మృగేల్‌ది. పెద్దాయన తెడ్డును నీళ్లలో గుచ్చి పైకి తీసి, దాని చివర అంటిన నల్లటి బురదను చేతిలోకి తీసుకుని వాసన చూపించారు. కుళ్లు కంపు లేదు, వాన పడ్డ పొలం వాసన. "మృగేల్ తిరిగే చెరువు అడుగు ఇలా ఉంటుంది మా" అన్నారాయన.

బంగారు తీగ గురించి అడిగాను. అదీ అడుగు చేపే కదా? ఆయన ముఖం చిట్లించారు. దాని నోరు గొట్టంలా ముందుకు సాగుతుంది. బురదలోకి దూర్చి, తవ్వి, నోటినిండా పీల్చుకుని, పనికిరాని మట్టిని ఉమ్మేస్తుంది. గట్లు తవ్వి పడగొడుతుంది. మోసు అలా లోతుకు తవ్వదు, పైపొరతోనే తృప్తి పడుతుంది. ఒకే అడుగు, ఒకే బురద. ఒక నోరు ఆ అడుగును శుభ్రం చేస్తే ఇంకొక నోరు గట్టు తెగేదాకా తీసుకొస్తుంది. ఎవరి నోటికి ఏ పని చేతనవుతుందో చూడకుండా "అడుగు చేప" అని ఒక్క మాటతో సరిపెట్టేస్తే నష్టం మనకే.

వల లాగినప్పుడు చిన్న పిల్లలు కూడా పడ్డాయి. వాటిలో ఏది ఏదో నాకు తెలియలేదు, పుట్టి పెరిగిందే చెరువుల దగ్గరైనా. చిన్నప్పుడు బొచ్చె, శీలావతి, మోసు మూడూ ఒకే తిండి తింటాయి, నీళ్లలో తేలే సూక్ష్మ పురుగులను. పేగులు అప్పటికి పొట్టి. ఎదిగే కొద్దీ బొచ్చె నోరు పైకి తిరుగుతుంది, మోసు నోరు కిందికి జారుతుంది, పేగులు సాగుతాయి. అప్పుడుగానీ దారులు విడిపోవు. ఒకప్పుడు బెంగాల్ నదుల్లో పట్టిన చేపపిల్లలు హౌరా నుంచి రైళ్లలో దేశమంతటికీ వెళ్లేవి. ఏ పిల్ల ఏ చేపదో చూపు చురుకుదనంతో చెప్పగలిగిన పెద్దవాళ్లు ఆ వ్యాపారంలో ఉండేవారని ఆ పెద్దాయన చెప్పారు.

దక్షిణేశ్వరం వెళ్లే దారిలో బాబాయి పాంకాల్ మాట ఎత్తాడు. బురదలో ఉంటూ ఒంటికి బురద అంటించుకోని పాంకాల్ చేపలా సంసారంలో మెలగమని రామకృష్ణ పరమహంస శిష్యులకు చెప్పేవారు. హౌరా గంపలో చూసిన పాంకాల్ అదే. మనకు బొమ్మిడాయిలుగా తెలిసిన కుటుంబం. ఆ కుటుంబంలోనే ఇంకొకటి పెద్దది, బెంగాలీలు బాయిన్ అంటారు, మూరెడు దాటి పెరుగుతుంది. రెండూ అడుగున బతికేవే, ఒళ్లు రెండింటికీ పామే. కానీ పాంకాల్ జాతిలో ముక్కు తొండంలా సాగి, నేలను తడుముతుంటుంది, నోరు చిన్నది. కొన్నిటికి ఆ తొండం అడుగున బిళ్లల్లాంటి పళ్ల వరసలు కూడా ఉంటాయి. తడిమి దొరికించుకున్న పురుగు, పురుగుపిల్లలు దాని తిండి. బాయిన్ పెద్ద నోటితో రొయ్యనూ, చిన్న చేపనూ కూడా పట్టేస్తుంది. వర్షాకాలంలో బొమ్మిడాయిల పులుసు తినేవాళ్లు రెండూ ఒకటే అనుకుంటారు. రుచిలో ఉన్న తేడా తిండిలో తేడావల్లే అని బాబాయి వాదన. నాకు నమ్మకం లేదు గానీ ఆ రెండు ముఖాలు పక్కపక్కన చూస్తే వాదించబుద్ధి కాలేదు.

సముద్రపు అడుగునా ఇదే సంగతి. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బల్లపరుపు చేపలు చూసినవాళ్లకు తెలుస్తుంది. నాలుక చేప నోరు చిన్నది, పక్కకు వంకర తిరిగి ఉంటుంది, ఇసుకలోని పురుగులను ఏరుకుంటుంది. అదే బల్లపరుపు గుంపులో పెద్ద నోరు, మొనతేలిన పళ్లున్న జాతి ఉంది, అది ఇసుకలో పొంచి చేపల్నే మింగుతుంది.

ఈ నోళ్ల తేడాను చెరువు పెంపకానికి పనికొచ్చేలా చేసింది బారక్‌పూర్‌లోని కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధన సంస్థ. అది 1947లో కలకత్తాలో మొదలై, 1959లో హుగ్లీ ఒడ్డున ఉన్న బారక్‌పూర్‌కు మారింది. మన ఆక్వా రైతుల బతుకును మార్చిన ఆలోచనలు ఈ సంస్థ వాళ్లవే. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి చేపలకు పిట్యూటరీ ఇంజెక్షన్ ఇచ్చి చెరువులోనే గుడ్లు పెట్టించగలిగాడు. ఆ రోజునే ఇప్పుడు జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. 1971లో మిశ్రమ చేపల పెంపకం మీద దేశవ్యాప్త పథకం వచ్చింది. దాని మూలమంతా నోటి ఆకారమే. పైన తినేది, మధ్యలో తినేది, అడుగున తినేది, మూడూ కలిపి వేస్తే చెరువులో ఏ పొరా వృథా కాదు. బొచ్చె, శీలావతి, మోసు నాలుగు-మూడు-మూడు పాళ్లలో వేయమని మా ఊరికి కూడా అధికారులు వచ్చి చెప్పిన రోజులు మా పెద్దవాళ్లకు గుర్తే.

మరి కొల్లేరు పక్కన మోసు ఎందుకు పోయింది? కారణాలు నాకు తెలుసు, రైతును తప్పుపట్టలేను. మోసు వల లాగేటప్పుడు బురదలో అణిగిపోయి తప్పించుకుంటుంది. ధర శీలావతి కంటే తక్కువ. శీలావతికి వేసిన మేతలో వాటా కొడుతుంది. అందుకే మన వాళ్లు శీలావతికి పెద్దపీట వేసి, కొద్దిగా బొచ్చె కలిపి, మిగిలినవాటికి సెలవిచ్చారు. మేత పెట్టే పద్ధతినీ శీలావతి నోటికి సరిగ్గా అమర్చుకున్నారు. నూనె తీసిన తవుడును చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి చెరువులో నాటిన గుంజలకు కడతారు. తూడు కాడ మీది నాచు గీకే ఆ కుచ్చుల పెదవి ఇప్పుడు సంచి చిల్లు దగ్గర తవుడు లాక్కుంటుంది. మానిక్‌తలాలో ఆ పెదవిని దగ్గరగా చూశాకగానీ మా చెరువులో సంచి పద్ధతి ఎందుకు అంత బాగా కుదిరిందో నాకు అర్థం కాలేదు. ఆ పద్ధతి కనిపెట్టిన రైతులు ఏ ప్రయోగశాలకూ తీసిపోరు.

కానీ చిల్లులోంచి రాలినది ఎక్కడికి పోతుంది? అడుగుకే. చేప విసర్జన, చచ్చిన నాచు, తినకుండా మిగిలిన తవుడు అడుగున పేరుకుంటాయి. వాటిని తిని బతికే నోరు చెరువులో లేదు. అప్పుడు సున్నం, జియోలైట్, ప్రోబయోటిక్ పొట్లాలు, ఏరేటర్ల కరెంటు బిల్లులు. మోసు ఒక్కటే ఇదంతా తీర్చేస్తుందని నేను అనను. అదీ తింటుంది, అదీ విసర్జిస్తుంది. అయినా అడుగును కదిలించి, పేరుకున్నదాంట్లో కొంతైనా మాంసంగా మార్చే ప్రాణి ఉండడం, ఏమీ లేకపోవడం ఒకటి కాదు. భేడీలో ఆ పెద్దాయన నా చేతిలో పెట్టిన బురదను మా చెరువు అడుగు బురదతో పోల్చుకుంటే నాకీ మాట గట్టిగా అనాలనిపిస్తోంది. మొత్తం చెరువు మీద ప్రయోగం చేయమనడం లేదు. ఒక్క చిన్న చెరువులో మోసును, పిల్ల దొరికితే కాల్బాసును వేసి, ఏడాది తర్వాత అడుగు మట్టి తీసి చూడమని కైకలూరు, ఆకివీడు రైతులను అడుగుతున్నాను.

కొనేవాళ్లను అడిగేది ఇంకా చిన్నది. మోసుకు ముళ్లు ఎక్కువని పక్కన పెట్టకండి. ముళ్లున్న చేపను కాల్బాసు నుంచి బాటా దాకా బెంగాలీలు ఇష్టంగా తింటున్నారు, అందుకే వాళ్ల గంపల్లో అది మిగిలి ఉంది. మన బజారులో మోసు కనపడితే శీలావతి లేదా అని అడగకుండా మోసే కొనండి.